అనాథ జట్టు: వెర్న్ నోట ఒకే ఒక్క మాట

కిందటి వారం మార్నా టెష్‌ని మనం కేర్ హోమ్ వాకిట్లో వదిలిపెట్టి వచ్చాం. కారు తలుపు బార్లా తీసి ఉంది. లోపల ఆమె అన్న వెర్న్ కూర్చుని, పనిచేసే ఎడమ చేత్తో సీటుని దబదబ బాదుతున్నాడు. ఆకులు రాలే కాలంలో పక్షవాతం వచ్చి అతని కుడి వైపంతా పడిపోయింది, దాంతోపాటే మాటా పోయింది. మిగిలింది ఒక్కటే: "టాక్సీ." రోజుల తరబడి నోరు మెదపడు, ఉన్నట్టుండి టాక్సీ అంటాడు. పాపం ఇంటికి పోతానంటున్నాడని నర్సులు అనుకున్నారు, మార్నా కూడా అలాగే అనుకుని ఇంటికెళ్ళి ఎన్నోసార్లు ఏడ్చింది. చివరికి ఈ శుక్రవారం పొద్దున డాక్టర్ని బతిమాలి, ఒక్కపూట ఇంటికి తీసుకెళ్దామని కారు తెచ్చింది. తీరా ఎక్కించాక వెర్న్‌కి ఒళ్ళుమండింది. మళ్ళీ దింపి గదిలో టీవీ ముందు కూర్చోబెట్టేదాకా ఆ బాదుడు ఆపలేదు. ఇంటికి పోతానని ఆర్నెల్లుగా అడిగే మనిషి, తీసుకెళ్తానంటే ఎందుకు తిరగబడ్డాడో ఆమెకి అంతుపట్టలేదు.

ఇక జట్టు సంగతి. మొదటినుంచి చదువుతున్నవాళ్ళకి తెలిసిందే, కొత్తగా వచ్చి కూర్చున్నవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెబుతాను. విస్కాన్సిన్‌లో సరస్సు పక్కనున్న ఈ కేవాస్కా ఊళ్ళో పన్నెండు మంది కలిసి ఒక లీగు పెట్టుకున్నారు. బంతిని చంకలో పెట్టుకుని పరిగెత్తే మా ఫుట్‌బాల్‌లో నిజంగా ఆడే ఆటగాళ్ళ పేర్లని పంచుకుని, తలా ఒక కాగితపు జట్టు కట్టుకున్నారు. ఆదివారం మైదానంలో ఆటగాడు ఎంత బాగా ఆడితే ఇక్కడ వాడి యజమానికి అన్ని పాయింట్లు. ఇలాంటి ఆట దేశమంతా ఆడుతుంది, ఏడాది తిరగ్గానే చెరిపేసి మళ్ళీ మొదలుపెడుతుంది. వీళ్ళది అలా కాదు. ఒకసారి నీ జట్టులో చేరినవాడు ముసలివాడై ఆట మానేసేదాకా నీవాడే. కాలేజీల నుంచి కొత్తగా వచ్చే కుర్రాళ్ళని మాత్రం ఏటా మే నెలలో ఒక శనివారం, సప్పర్ క్లబ్బు అనే ఊరి భోజనశాల వెనక గదిలో కూర్చుని, ఒకరి తర్వాత ఒకరు ఎంచుకుంటారు. కిందటేడు అందరికంటే వెనకబడ్డవాడిది మొదటి వంతు. ఆ కుర్రాళ్ళలో ఎవడు పదేళ్ళు నిలుస్తాడో, ఎవడు రెండేళ్ళకే చతికిలబడతాడో పసిగట్టడమే ఇందులో అసలు విద్య. ఆ విద్యలో వెర్న్‌ని మించినవాడు ఊళ్ళో లేడు. మంచం పట్టాక అతని జట్టు అడుగుకి పోయింది, అందుచేత ఈసారి మొదటి వంతు అతనిదే.

యజమాని లేని జట్టుని వీళ్ళు 'అనాథ' అంటారు. రేపు ఎంపిక మొదలయ్యేలోగా వెర్న్ తన జట్టు సంగతి తను చూసుకోగలడని తేలకపోతే అది అనాథ అయినట్టే. దానిలో ఉన్నవాళ్ళని మిగతావాళ్ళు చీట్లు వేసి పంచుకుంటారు. వద్దు, జాలిపడి వదిలేద్దామని అందరూ ఒప్పుకున్నారు, టైర్ల కొట్టు రస్ హోల్ట్జ్ తప్ప. అందరూ ఒప్పుకుంటే తప్ప చెల్లదు మరి. కళ్ళారా చూస్తేగాని నమ్మనన్నాడు రస్. అయితే వచ్చి చూడమంది మార్నా.

మధ్యాహ్నం భోజనాలు అయ్యాక అతను వచ్చాడు. ఒంటరిగా రాలేదు, కమిషనర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. కమిషనర్ అంటే పోలీసు కాదు. లీగు నియమాలు ఎవరూ అతిక్రమించకుండా చూసే పెద్దమనిషి, ఆ పన్నెండు మందిలో తనూ ఒకడు, పేరు గ్లెన్ మాట్జ్‌కే. హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు. ఊళ్ళో నడివయసు దాటినవాళ్ళంతా ఆయన చేత మొట్టికాయలు తిన్నవాళ్ళే కాబట్టి ఇప్పటికీ ఆయన అందరికీ మాస్టారే.

మార్నా తలుపు దగ్గరే నిలబడి ఉంది. ఆమెది మెయిన్ రోడ్డు మీద క్షౌరశాల. ఊరి మగవాళ్ళలో సగం మంది తలలు ఆమె చేతుల కిందికి వచ్చి వెళ్ళేవే, రస్ తలతో సహా. ఎవరికి ఎక్కడ బట్టతల మొదలైందో, ఎవరి మనసులో ఏముందో ఆమెకి తెలుసు. కాని ఈ కాగితపు జట్ల గోల ఆమె ఏనాడూ చెవిన పెట్టలేదు. అన్న మంచాన పడ్డాకే తెలిసింది, అతనికి ఈ లోకంతో ఉన్న తాడు అదొక్కటేనని. పెళ్ళి చేసుకోలేదు, పిల్లల్లేరు, ఫ్యాక్టరీ ఉద్యోగం ఎప్పుడో అయిపోయింది. ఆ పన్నెండు మందిలో ఒకడన్న పేరు కూడా రేపటితో పోతే, ఇక అతను ఈ కిటికీ పక్క కుర్చీలో కూర్చుని ఎదురుచూడ్డానికంటూ ఏదీ ఉండదు. అది తలుచుకుంటే ఆమెకి భయమేసింది.

"హాయ్ వెర్న్! ఎలా ఉన్నావ్?" అని గది అదిరేలా అరిచాడు రస్.

"మా అన్నకి పోయింది నోరు రస్, చెవులు కాదు," అంది మార్నా.

రస్ నాలిక్కరుచుకున్నాడు. గ్లెన్ మాస్టారు మాత్రం గుమ్మంలోనే ఆగిపోయాడు. వెర్న్‌కి జబ్బు చేశాక ఆయన రావడం ఇదే మొదలు. చేతిలో సంచి ఉంది, డెయిరీ నుంచి అప్పుడే తెచ్చిన చీజు ముక్కలు.

"రావలసింది వెర్న్," అన్నాడాయన నేలకేసి చూస్తూ. "రోజూ అనుకునేవాణ్ణి. నిన్ను ఇలా చూడలేక రాలేదు. అంతకంటే ఏం లేదు."

వెర్న్ ఆయనకేసి కాసేపు చూశాడు. తర్వాత ఎడమ చెయ్యి చాపి సంచిలోంచి ఒక ముక్క తీసుకుని నోట్లో వేసుకున్నాడు. తాజా చీజు కదా, పళ్ళ కింద కీచుమంది. మాస్టారు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఆ మాత్రం చాలు ఇద్దరికీ.

"సరే, పని కానిద్దాం," అన్నాడు రస్. "మళ్ళీ సాయంత్రం శుక్రవారపు చేపల వేపుడు విందు మొదలయ్యేసరికి క్లబ్బులో చోటు దొరకదు."

మాస్టారు తన టాబ్లెట్ తీసి వెర్న్ ముందున్న బల్ల మీద పెట్టాడు. "నీ చేత పరీక్ష రాయించడానికి రాలేదు వెర్న్. ఈ ఏడు కొత్త కుర్రాళ్ళని చూపిస్తాను, చూడు. నీకు అర్థమవుతోందని మాకు తెలిస్తే చాలు."

మొదట తెర మీదికి టైరెల్ బాస్కిన్ వచ్చాడు. బంతి చేతికిస్తే గోడనైనా చీల్చుకుని పరిగెత్తే కుర్రాడు. ఈ ఏడాది కొత్తవాళ్ళ గురించి మాట్లాడే ప్రతివాడూ ముందు చెప్పేది వాడి పేరే. రస్ అయితే రెండు నెలలుగా మార్నా కుర్చీలో కూర్చున్నప్పుడల్లా బాస్కిన్ భజనే. వెర్న్ చివరిదాకా చూశాడు. బాస్కిన్ దగ్గర బంతి లేనప్పుడు, ఇంకొకడి కోసం ఎదుటివాళ్ళకి అడ్డు నిలబడే చోట వెర్న్ ముందుకి వంగాడు. అంతా అయ్యాక మొహం తిప్పుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

"వెర్న్?" అన్నాడు మాస్టారు. తర్వాత తెరని ముందుకి జరిపాడు.

రెండోవాడు కొండంత మనిషి, మెడ ఎక్కడుందో తెలియదు. వెర్న్ ఈగని తోలినట్టు చెయ్యి విదిలించాడు. రస్ ఫక్కుమన్నాడు.

మూడోవాడి పేరు ఈలై క్విస్ట్‌గార్డ్. ఎక్కడో ఉత్తరాన ఎవరూ పేరు వినని చిన్న కాలేజీ. రెల్లుపుల్లలా సన్నగా ఉన్నాడు. దూరం నుంచి విసిరిన బంతిని గాలిలోకి ఎగిరి, వేళ్ళ చివర్లతో అందుకుంటున్నాడు. కాని ఎదుటివాడు ఒక్క తోపు తోస్తే చాలు, ఎగిరి అవతల పడుతున్నాడు. వెర్న్ కళ్ళు పెద్దవయ్యాయి. ఎడమ చేత్తో బల్ల మీద కొట్టాడు.

"టాక్సీ."

మార్నా ప్రాణం ఉసూరుమంది. గబగబా వెళ్ళి అతని భుజం పట్టుకుంది. "ఇవాళ కాదు వెర్న్. ఇంటికి ఇంకోరోజు వెళ్దాం. ఇప్పుడు వీళ్ళు చూపించేది చూడు, నీ పుణ్యం ఉంటుంది, ఒక్క పది నిమిషాలు చూడు."

"టాక్సీ!" అన్నాడు వెర్న్ ఇంకా గట్టిగా, ఆమె చెయ్యి తోసేసి.

రస్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "చూశారుగా మాస్టారూ. నాకేమీ సంతోషంగా లేదు. కాని ఈయనకి కావలసింది ఇల్లు, జట్టు కాదు. ఇంకా లాగడం మనిషిని ఏడిపించడమే అవుతుంది."

మాస్టారు వినడం లేదు. కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకుని, ఆగిపోయిన తెర మీద క్విస్ట్‌గార్డ్ బొమ్మనే చూస్తున్నాడు.

"మార్నా," అన్నాడు మెల్లిగా, "వీడు ఈ మాట ఎప్పట్నించి అంటున్నాడు?"

"ఆస్పత్రి నుంచి ఇక్కడికి తెచ్చిన కొత్తల్లోనే. ఎందుకండీ?"

"రోజూ అంటాడా?"

"లేదు. ఒక్కోసారి వారం రోజులు గుటక మింగిన చప్పుడు కూడా ఉండదు. శనివారాలు మాత్రం..." మార్నా ఆగింది. "శనివారాలు ఎక్కువ. టీవీ చూస్తూ చూస్తూ ఉన్నట్టుండి అంటాడు."

"శనివారం టీవీలో ఏమొస్తుంది?"

"నాకేం తెలుసు, నేను శనివారం షాపులో ఉంటాను. నర్సు పెడుతుంది. కాలేజీ ఆటలు."

"ఇవాళ పొద్దున?"

"పొద్దున కూడా అదే. ఏ కుర్రాణ్ణి ఏ జట్టు తీసుకుందో చెబుతున్నారు. అది చూస్తూనే టాక్సీ టాక్సీ అని గోల పెట్టాడు. అందుకే కదా నేను కారు..."

గ్లెన్ మాస్టారు లేచి నిలబడి, మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి కుర్చీలో కాదు, మంచం మీద. ఆయన మొహంలో నవ్వో ఏడుపో తెలియని ఒక అవస్థ కనిపించింది.

"ఓరి నాయనో," అన్నాడు. "నేను ఒక్క శనివారం వచ్చి కూర్చున్నా తెలిసిపోయేది. మార్నా, వాడు ఇంటికి పోతాననడం లేదమ్మా. మా లీగులో ప్రతి జట్టుకీ పక్కన ఒక బెంచీ ఉంటుంది. కుర్రాడిలో సరుకుంది, కాని ఇప్పుడే ఆడించడానికి పనికిరాడు, రెండేళ్ళు ఆగితే పనికొస్తాడు అనిపిస్తే వాణ్ణి అక్కడ కూర్చోబెడతాం. వాడు ఆటలో లెక్కకి రాడు, అలాగని ఇంకొకడు ఎత్తుకుపోవడానికీ వీల్లేదు. ఆ బెంచీని మేం టాక్సీ అంటాం."

"టాక్సీనా?" అంది మార్నా. "బెంచీని పట్టుకుని టాక్సీ అనడమేంటి?"

"ఎప్పట్నించో అంటున్నారు, మేమూ అంటున్నాం. వెర్న్ ఆర్నెల్లుగా ఇక్కడ కూర్చుని కొత్త కుర్రాళ్ళకి మార్కులు వేస్తున్నాడు. అంతే."

మార్నా అన్నకేసి తిరిగింది. వెర్న్ తల ఆడిస్తున్నాడు, అవును అవును అని, మెడ నొప్పి పుట్టేలా. అతని కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి, సగం మూతి నవ్వుతోంది. ఇన్నాళ్ళు గదిలోకి వచ్చిన ప్రతివాళ్ళూ తన మాటని ఇంకోలా విని, జాలిగా తల నిమిరి వెళ్ళిపోతుంటే, ఈ మనిషి లోపల ఎంత ఉడికిపోయి ఉంటాడో ఆమెకి ఒక్కసారిగా అర్థమైంది.

"నీ మొహం మండ! ముందే చెప్పొచ్చుగా!" అని అతని భుజం మీద ఒక్కటి వేసింది. అన్నాక తనేమందో తెలిసి నోరు మూసుకుంది. ముందు మాస్టారు నవ్వాడు, తర్వాత వెర్న్, ఆ తర్వాత ఆమె. ఏడుస్తూనే నవ్వింది. వరండాలో వెళ్తున్న నర్సు లోపలికి తొంగిచూసి, అంతా బాగానే ఉందనుకుని వెళ్ళిపోయింది.

రస్ నవ్వలేదు. తల గోక్కున్నాడు.

"మాస్టారూ, మీరు కాదనకండి. చిలక కూడా ఒక మాట పట్టుకుంటుంది. అది అర్థం తెలిసి పలికినట్టా? ఒక మాట మిగిలింది, అదే అంటున్నాడు. ఇంకో పదిమందిని చూపిస్తే పదిమందికీ టాక్సీయే అంటాడేమో?"

"రెండోవాణ్ణి తోలేశాడుగా," అంది మార్నా కోపంగా.

"అది చెయ్యి. నోటి సంగతి చూద్దాం." రస్ టాబ్లెట్ తీసుకుని కాసేపు అటూ ఇటూ జరిపి మళ్ళీ వెర్న్ ముందు పెట్టాడు. "ఇదిగో వెర్న్, ఇంకొకడు. వీడూ సన్నటివాడే. వీడూ బంతి అందుకునేవాడే. రెండేళ్ళాగితే పనికొస్తాడంటావా?"

తెర మీద డార్నెల్ ప్రూయిట్ అనేవాడు పరిగెత్తుతున్నాడు. మార్నా కంటికి వాడికీ ఇందాకటి కుర్రాడికీ తేడా ఏమీ కనిపించలేదు. అనకు, అనకు అని లోపల్లోపల మొక్కుకుంది. ఎందుకు అనకూడదో మాత్రం ఆమెకి తెలియదు.

వెర్న్ ప్రూయిట్‌ని చూశాడు. తర్వాత తల ఎత్తి రస్‌ని చూశాడు. ఆ చూపులో అయిదో క్లాసు పిల్లాడి దొంగతనం పట్టుకున్న హెడ్మాస్టరు ఉన్నాడు. ఎడమ చేత్తో టాబ్లెట్ని బల్ల మీద బోర్లించి, చూపుడు వేలు రస్ మొహం ముందు మెల్లగా అటూ ఇటూ ఊపాడు.

మాస్టారు పడీపడీ నవ్వాడు. "దొరికావురా రస్సూ! ప్రూయిట్ వచ్చి మూడేళ్ళయింది. టాక్సీ ఎక్కేది కొత్తవాళ్ళే. పాతవాణ్ణి దాంట్లో పెట్టడం నియమం కాదని వాడికి తెలుసు. ఏరా, ఇంకా చిలకేనంటావా? నా క్లాసులో పక్కవాడి పేపరు చూసి రాసినప్పుడు కూడా ఇంత తేలిగ్గా దొరకలేదు నువ్వు."

రస్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా అతనిలో ఒక మంచి గుణం ఉంది, ఓడితే ఓడానంటాడు. వెళ్ళి వెర్న్ ఎడమ చెయ్యి పట్టుకుని ఊపాడు. "నువ్వు నువ్వే, ముసలి నక్కా. తప్పయింది."

మార్నాకి రస్‌ని ముద్దుపెట్టుకోవాలనిపించింది. ఆ ముచ్చట ఎంతోసేపు నిలవలేదు.

"అయితే," అన్నాడు రస్ టోపీ పెట్టుకుంటూ, "వెర్న్‌కి తెలివి ఉందని ఒప్పుకున్నాను. కాని నోరు లేదు, రేపు క్లబ్బుకి రాలేడు. అతని బదులు నువ్వొచ్చి కూర్చోవాలి, పేరు నువ్వే చదవాలి. నీకేమో బెంచీకీ టాక్సీకీ తేడా తెలీదు. దానికి వేరే ఒప్పుకోవాలి మేము. అందరూ ఒప్పుకుంటారు, నేనూ ఒప్పుకుంటాను. ఊరికే మాత్రం కాదు."

"ఏం కావాలి నీకు?"

"నాది మూడో వంతు. మీది మొదటిది. మార్చుకుందాం."

"రస్," అన్నాడు మాస్టారు హెచ్చరికగా.

"నియమం కాదా చెప్పండి."

మాస్టారు తల పంకించాడు. నియమమే మరి, ఎవరి వంతు ఎవరితోనైనా మార్చుకోవచ్చు.

మార్నా అన్నకేసి చూసింది. వెర్న్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు, ఈ గోలతో తనకేం సంబంధం లేనట్టు. ఆమె బుర్రలో లెక్కలు మొదలయ్యాయి. రస్‌కి కావలసింది బాస్కిన్. ఆ సంగతి ఆమెకే కాదు, ఆమె షాపులో ఉన్న దువ్వెనలకి కూడా తెలుసు. బాస్కిన్‌ని చూసి వెర్న్ మొహం తిప్పుకున్నాడు. అతను బల్ల గుద్దింది ఆ సన్నటి కుర్రాడి కోసం, వాడి పేరు ఊళ్ళో ఎవరూ విననైనా లేదు. రెండో వంతు మాస్టారిది. ఆయన మాత్రం తెలియని కాలేజీ కుర్రాడి జోలికి ఎందుకు పోతాడు? మూడో వంతు వచ్చేసరికి క్విస్ట్‌గార్డ్ అక్కడే కూర్చుని ఉంటాడు. వెర్న్‌కి అక్కర్లేనిది రస్‌కి ఇచ్చి, జట్టుని నిలబెట్టుకోవచ్చు. ఇంత మంచి బేరం ఎక్కడ దొరుకుతుంది?

"ఒక మాట," అంది. "జట్టు వెర్న్‌ది. రేపూ, వచ్చే ఏడూ, ఆ పై ఏడూ. అనాథ అన్న మాట నీ నోట మళ్ళీ వినబడితే నా కుర్చీలో కూర్చున్నప్పుడు కత్తెర నా చేతిలో ఉంటుందని గుర్తు పెట్టుకో."

"వినబడదు."

"వెర్న్, సరేనా?"

వెర్న్ ఎడమ బొటనవేలు పైకెత్తాడు. అడగడమే ఆలస్యం అన్నట్టు ఎత్తాడు. మార్నా ఛాతీ పొంగింది, అన్నా చెల్లెళ్ళం ఒకటే లెక్క వేశామని. రస్‌తో చేతులు కలిపింది. మాస్టారు సాక్షి. అందరికీ కబురు పంపుతానన్నాడు. ఇద్దరూ సెలవు తీసుకుని వరండాలోకి నడిచారు.

రెండు అడుగులు వేశాడో లేదో, రస్ వెనక్కి వచ్చి గుమ్మంలో తల పెట్టాడు.

"మార్నా, ఆ సన్నటి కుర్రాడి ఇంటిపేరు క్యూతో మొదలవుతుందా, కేతోనా?"

"నీకెందుకు?"

"రేపు మొదటి పేరు నేను చదవాలిగా, తప్పు చదివితే బాగుండదు." రస్ పళ్ళికిలించాడు. "ఈ ఊళ్ళో కుర్రాళ్ళని పసిగట్టడంలో వెర్న్‌ని కొట్టేవాడు లేడని నేను ఎప్పుడూ అంటాను. బాస్కిన్‌ని చూసి మొహం తిప్పుకున్నాడు, వీణ్ణి చూసి బల్ల గుద్దాడు. నేను టైర్లు అమ్ముకునేవాణ్ణే కాని మరీ గాడిదని కాదు."

అతని బూట్ల చప్పుడు వరండా చివరికి పోయేదాకా మార్నా కదల్లేదు. తర్వాత మంచం మీద కూలబడింది. మతిలేని దాన్ననుకుంది. వెర్న్ మనసు బయటపడేలా అందరి ముందూ చూపించమన్నది తనే, పసిపిల్ల చేతిలో మిఠాయి లాక్కున్నట్టు మొదటి వంతు లాక్కోనిచ్చింది కూడా తనే.

"క్షమించు వెర్న్. నీకు కావలసిన ఒక్క కుర్రాణ్ణీ వాడి చేతిలో పెట్టాను. నాకేం తెలీదు, తెలీకుండా తలదూర్చాను..."

వెర్న్ భుజాలు కదులుతున్నాయి. ఏడుస్తున్నాడనుకుని ఆమె లేచింది. దగ్గరికెళ్ళి చూస్తే ఏడుపు కాదు. మూతి ఒక పక్కకి వంకరపోయి, కళ్ళు మూసుకుపోయి, చప్పుడు లేకుండా నవ్వుతున్నాడు. జబ్బుకి ముందు ఎలా నవ్వేవాడో అలాగే నవ్వుతున్నాడు.

బోర్లించిన టాబ్లెట్ని ఎడమ చేత్తో తిప్పాడు. వేలితో తెరని వెనక్కి జరిపాడు. ప్రూయిట్ పోయాడు, క్విస్ట్‌గార్డ్ పోయాడు, మెడలేని కొండ పోయాడు. బంతిని చంకలో పెట్టుకుని టైరెల్ బాస్కిన్ వచ్చాడు. వెర్న్ వేలు వాడి ఛాతీ మీద ఆగింది.

"టాక్సీ," అన్నాడు. అని, తల అడ్డంగా ఊపాడు. మళ్ళీ గట్టిగా ఊపాడు.

"వీడు టాక్సీ కాదు," అంది మార్నా మెల్లిగా. "వీణ్ణి కూర్చోబెట్టక్కర్లేదు. నేరుగా ఆడించొచ్చు. అదేనా?"

అవునన్నట్టు కళ్ళు మూసి తెరిచాడు.

"అయితే ఆ సన్నటివాడు..." ఆమెకి అప్పుడు తట్టింది. వెర్న్ అన్నది రెండేళ్ళు ఆగాలని. కావాలని ఎక్కడన్నాడు? తను అనుకుంది, రస్ అనుకున్నాడు. "నువ్వు అబద్ధం కూడా ఆడలేదు కదూ! మరి వీణ్ణి చూసి మొహం ఎందుకు తిప్పుకున్నావ్?"

గుట్టు బయటపడకూడదన్నట్టు వెర్న్ వేలు పెదాల మీద పెట్టుకున్నాడు. ఆ వేలు తీసి బాస్కిన్ మీద పెట్టాడు. తర్వాత రెండు వేళ్ళు ఎత్తి చూపించాడు, మొహంలో నవ్వు కొంచెం తగ్గింది.

"రెండో వంతా? అది మాస్టారిది. ఆయనకేం తెలుసు, ఆయనా రస్‌లాగే అనుకుని ఉంటాడులే..."

తలుపు మీద ఎవరో మెల్లిగా తట్టారు. జవాబు కోసం ఆగకుండా గ్లెన్ మాస్టారు లోపలికి వచ్చాడు.

"టాబ్లెట్ మర్చిపోయాను," అన్నాడు.

వెర్న్ వేలు ఇంకా బాస్కిన్ ఛాతీ మీదే ఉంది. తీయడానికి వేళ మించిపోయింది. మాస్టారు ఆ వేలిని చూశాడు, వెర్న్‌ని చూశాడు, తర్వాత కిటికీకేసి చూశాడు. వెనక్కి తిరిగి తలుపు మూసి, కుర్చీ లాక్కుని వెర్న్‌కి ఎదురుగా కూర్చున్నాడు.

"పేకాటలోనూ నువ్వింతే వెర్న్," అన్నాడు. "చేతిలో మంచి ముక్కలు పడ్డాయంటే చాలు, కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునేవాడివి. రస్ మనతో ఎప్పుడూ ఆడలేదు, వాడికి తెలీదు. నీకు ఎదురుగా కూర్చుని ఆడినవాణ్ణి, నాకు తెలుసు."

మార్నా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"నాకూ బాస్కిన్ కావాలి," అన్నాడు మాస్టారు ప్రశాంతంగా. "నా జట్టులో పరిగెత్తేవాళ్ళంతా ముసలివాళ్ళయ్యారు. రేపు రస్ తర్వాత పేరు చదివేది నేను. ఇప్పుడు చెప్పు, ఆ పేరు నేనెందుకు చదవకూడదు?"